అర్థం కాని ముగింపుకు సొంత థియరీ కట్టడం ఎలా?

సైన్స్ ఫిక్షన్ గేమ్ చివరిదాకా ఆడాక హీరో బతికిందీ పోయిందీ తేలకపోతే, ఎవరో చెప్పిన అర్థం పట్టుకోకుండా మీరే ఒక థియరీ కట్టుకోవచ్చు. నేర్చుకోవడానికి బయోవేర్ సంస్థ 2012 మార్చిలో తెచ్చిన 'మాస్ ఎఫెక్ట్ 3'ను మించిన పాఠం నాకు తెలిసి లేదు. ముగింపు చెప్పేస్తున్నాను, ఆడబోయేవాళ్లు ఆడాకే చదవండి.

మొదట చూసింది చూసినట్టు రాసుకోండి. రీపర్లంటే ప్రాణులను తుడిచిపెట్టడానికి వచ్చే భారీ యంత్రాలు. వాటిలో హార్బింజర్ అనేది వదిలిన కిరణానికి హీరో కమాండర్ షెపర్డ్ పడిపోయి, మళ్లీ లేచి కుంటుకుంటూ వెళ్తాడు. చివర్లో ఒక పిల్లవాడి రూపం ఎదురై మూడు దారులు చూపిస్తుంది: రీపర్లను నాశనం చేయడం, అదుపులోకి తెచ్చుకోవడం, ప్రాణులనూ యంత్రాలనూ కలిపేయడం. బలగం బాగా కూడగట్టి నాశనం ఎంచుకుంటే, శిథిలాల మధ్య కవచంలో ఉన్న ఒక శరీరం ఊపిరి పీలుస్తుంది. 'షెపర్డ్ బతికాడు' అని రాయకండి. 'కవచం, ఒక ఊపిరి' అని రాయండి. చాలామంది జారేది ఇక్కడే.

తర్వాత ఆట తనకు తాను పెట్టుకున్న నియమాలు వెతకండి. రీపర్ల దగ్గర ఎక్కువకాలం ఉన్నవాళ్ల మనసు మెల్లగా వాటికి లొంగిపోతుంది; ఆటలో దీని పేరు ఇండాక్ట్రినేషన్. తలనొప్పి, చెవుల్లో రొద, ఎవరో చూస్తున్నట్టు అనిపించడం దాని లక్షణాలని ఆటలోని సమాచార విభాగమే చెబుతుంది. అభిమానుల 'ఇండాక్ట్రినేషన్ థియరీ' ఇందులోంచే పుట్టింది: కిరణం తగిలాక జరిగిందంతా షెపర్డ్ తలలోనేనని, అది లొంగదీసుకునే ఆఖరి ప్రయత్నమని. మొదట్లో భూమ్మీద చనిపోయిన పిల్లవాడే కలల్లోకి రావడం, చివర అదే రూపం నిలబడటం వాళ్ల ఆధారాలు. సౌమ్యమైన మాటకు నీలం, మొరటు మాటకు ఎరుపు వాడిన ఆటలో చివరికి నాశనం ఎరుపయింది, అదుపు నీలమయింది. రీపర్లు మనల్ని ఎటు లాగుతున్నట్టు? ఈ ప్రశ్న నాకిప్పటికీ ఇష్టం.

అసలు కష్టం ఇక మొదలవుతుంది. ఆళ్లగడ్డ దగ్గరి అహోబిలం కథ తలచుకోండి. మనిషి చేత గానీ మృగం చేత గానీ, పగలు గానీ రాత్రి గానీ, ఇంట గానీ బయట గానీ చావు రాకూడదన్నది హిరణ్యకశిపుడి వరం. నరసింహుడు అందులో ఒక్క షరతునూ వదిలేయలేదు. మీ థియరీ కూడా ఆటలోని ప్రతి సంగతికీ అలా జవాబు చెప్పాలి. ఇమడని వాటిని వేరే కాగితం మీద రాయండి. ఉదాహరణకు, అంతా తలలోనే జరిగితే బయట యుద్ధం ఏమైంది? దీనికి నన్ను ఒప్పించిన జవాబు ఇంతవరకు వినలేదు.

కొత్త సమాచారం వస్తే థియరీని మళ్లీ తూచండి. షెపర్డ్ వెంట పరుగెత్తిన సహచరులు అతని అంతరిక్ష నౌక నార్మండీలో ఎలా తేలారన్నది ఒకప్పుడు 'ఇది కలే' అనడానికి గట్టి ఆధారం. 2012 జూన్ 26న ఉచితంగా వచ్చిన 'ఎక్స్‌టెండెడ్ కట్' ఆ నౌక వచ్చి వాళ్లను ఎక్కించుకోవడం చూపించింది, మూడు దారుల్నీ కాదనే నాలుగోదాన్నీ చేర్చింది. ఆ ఆధారం కొట్టేయాల్సిందే. ఊపిరి మాత్రం అలాగే మిగిలింది.

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఇదే ఆటను వేరే దారిలో ముగించినవాళ్లను వెతికి, రాసింది చదివించండి. బాగుందా అని అడగొద్దు. ఆటలో లేనిది ఇందులో ఎక్కడ చేరిందో గుర్తు పెట్టి ఇమ్మనండి.