మోకాలి నొప్పికి పసుపు మాత్రలు

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. రెండు మోకాళ్లలో గుజ్జు అరిగిందని, ఎప్పటికైనా ఆపరేషన్ తప్పదని అన్నారు. మా అబ్బాయి అమెరికా నుంచి పసుపు, సల్లకి కలిసిన క్యాప్సూల్స్ పంపాడు. వాపు పోయి గుజ్జు మళ్లీ పెరుగుతుందని వీడియోల్లో చెబుతున్నారు. ఎన్నాళ్లు వాడాలి? రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు, మాత్రలు వాడుతున్నాను. నొప్పికి నడక మానేశాను.
- ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: అమ్మా, ఎన్నాళ్లు వాడాలని అడిగారు గానీ, ఉత్తరమంతా ఆపరేషన్ భయమే ఉంది. ఎక్స్‌రేలో అరుగుదల కనిపించగానే ఎవరూ ఆపరేషన్ చేయరు. నొప్పి ఏపాటిది, మీ పనులు మీరు చేసుకోగలుగుతున్నారా అన్నది చూస్తారు. ఎక్స్‌రేలో బాగా అరిగినట్లున్నా ఊరంతా తిరిగేవాళ్లున్నారు. ఇక అరిగిన గుజ్జును తిరిగి పెంచే క్యాప్సూల్ ఇంతవరకు లేదు. ఆ మాట వినిపించగానే వీడియో కట్టేయండి.

వాపు విషయంలో మాత్రం కొంత నిజముంది. అరిగిన గుజ్జు నలుసులు కీలు లోపలి పొరను రేపి వాపు పుట్టిస్తాయి. సల్లకి, అంటే అందుగు చెట్టు బంకలోని బోస్వెల్లిక్ ఆమ్లాలు వాపు రసాయనాలను తయారుచేసే ఒక ఎంజైమును అడ్డుకుంటాయి. పసుపులోని కర్‌క్యుమిన్‌కూ అలాంటి గుణముంది. ఇదంతా ల్యాబులో చూసిన సంగతి. మరి మనుషుల్లో? ఏలూరులో 75 మందిపై 90 రోజులు జరిపి 2008లో ప్రచురించిన పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే సల్లకి సారం వాడినవారికి నొప్పి ఎక్కువ తగ్గింది. అయితే పరీక్ష చేసినవారిలో ఆ సారం తయారుచేసే సంస్థవాళ్లూ ఉన్నారు, ఆ మేరకు తగ్గించి నమ్మాలి. థాయ్‌లాండ్‌లో 367 మందిపై నాలుగు వారాలు చూస్తే పసుపు సారం ఇబుప్రొఫెన్‌కు తీసిపోలేదు, పైగా కడుపునొప్పి తక్కువ. వీటన్నిటికంటే నాకు నిజాయితీగా అనిపించింది 2020 నాటి ఆస్ట్రేలియా పరీక్ష. మోకాలిలో వాపు, నీరు ఉన్న 70 మందిని 12 వారాలు గమనించారు. పసుపు సారంతో నొప్పి నూటికి తొమ్మిది పాయింట్లు అదనంగా తగ్గింది. ఎమ్మారైలో వాపు మాత్రం ఉన్నచోటే ఉంది! అలాంటప్పుడు లాభమేమిటి అనకండి. మీరు మళ్లీ నడవాలంటే తగ్గాల్సింది నొప్పే. కాకపోతే వచ్చేది కొద్దిపాటి ఉపశమనం, సీసా మీద రాసినంత కాదు.

'మొక్కలతో చేసినవే కదా, రోజూ కూరలో వేసే పసుపే కదా' అంటారు. పనిచేస్తుందని నమ్మి మింగుతూ, హాని మాత్రం చేయదనడం ఏ లెక్క? పసుపులో కర్‌క్యుమిన్ నూటికి మూడు పాళ్లకు అటూ ఇటూ. కూరలో వేసే చిటికెడుకూ క్యాప్సూల్లోని చిక్కటి సారానికీ పొంతన లేదు. అది ఒంటికి పట్టాలని చాలా కంపెనీలు మిరియాల సారం కూడా కలుపుతాయి. ఇలాంటి మాత్రలతో కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చిన కేసులు అమెరికాలో, ఇటలీలో నమోదయ్యాయి. అరుదే, కానీ జరిగాయి. మీకు ఇంకో చిక్కు ఉంది. స్టెంట్ వేశాక ఇచ్చే, రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలకు పసుపు సారం తోడైతే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. సీసా మీ గుండె డాక్టరుకు చూపించకుండా ఒక్కటి కూడా వేసుకోవద్దు. మీ అబ్బాయి ప్రేమను తప్పుపట్టడం లేదు తల్లీ, ఆ సీసా మీద మీ మందుల జాబితా ఉండదు కదా! అలాగని మందుల షాపుకెళ్లి డైక్లోఫెనాక్ మాత్రలు తెచ్చుకోకండి, గుండె జబ్బుకు అవి ఇంకా చెడ్డవి. మోకాలికి రాసుకునే జెల్ నయం. డాక్టరు సరేనంటే క్యాప్సూల్స్ మూడు నెలలు చూడండి, తేడా లేకపోతే మానేయండి. కళ్లు పచ్చబడితే ఆ రోజే ఆపాలి. నడక మానడాన్ని మాత్రం ఒప్పుకోను. తొడ కండరాలు చచ్చుబడితే భారమంతా కీలు మీదే పడుతుంది. కుర్చీలో కూర్చుని కాలు చాచి, కాసేపు అలాగే పట్టి దించడం ఇవాళే మొదలుపెట్టండి. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

ప్రశ్న: గ్లూకోసమిన్ కూడా కలిపి వాడవచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అక్కర్లేదు. అమెరికాలో 1583 మందిపై చేసి 2006లో ప్రచురించిన పరీక్షలో, మొత్తం మీద చూస్తే, అది ఉత్తుత్తి మాత్రను మించలేదు. రొయ్యలు, పీతలు పడనివాళ్లయితే అసలు ముట్టుకోవద్దు, చాలావరకు వాటి పెంకులతోనే చేస్తారు.