ఏజెన్సీ భూమిలో తప్పుడు పట్టా: ఖాళీ చేయించేదెలా?

1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు బయల్దేరిన గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల పక్షం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న నేలకొరిగారు. సవరలు, జాతాపుల భూములు అప్పుల కింద షావుకార్ల పాలవడమే ఆ రగడకు మూలం. శ్రీకాకుళం మన్యం అట్టుడికాక, 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను ప్రభుత్వం కఠినం చేసింది. జనం నోట అదే 1/70 చట్టం.

1970 ఫిబ్రవరి 3 నుంచి షెడ్యూల్డ్ (ఏజెన్సీ) గ్రామాల్లో గిరిజనులకు, వారి సహకార సంఘాలకు తప్ప మరొకరికి భూమి అమ్మినా, తాకట్టు పెట్టినా, కౌలుకిచ్చినా చెల్లదు.

మరి సర్కారే గిరిజనేతరుడికి డి-పట్టా (ప్రభుత్వ భూమిని కేటాయించే పట్టా) ఇస్తే? అదీ చెల్లదు. అనంతగిరి మండలంలోని గనుల లీజులపై వచ్చిన సమత కేసులో, 1997 జులై 11న, ఈ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది.

అలాంటి భూమి కోసం స్పెషల్ డిప్యూటీ కలెక్టరు (గిరిజన సంక్షేమం) దగ్గర ఎల్‌టీఆర్ (భూ బదలాయింపు నిబంధనల) పిటిషన్ వేయాలి. గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు రాసి, అడంగల్, 1బి నకళ్లు, కుల ధ్రువపత్రం జతచేసి, రసీదు తప్పక తీసుకోవాలి. గిరిజనేతరుడి స్వాధీనంలోని భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. ఖాళీ చేయాలన్న ఉత్తర్వు వచ్చాకా కదలకపోతే ఏడాది వరకు కఠిన జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అవతలివారికీ హక్కులున్నాయి. నోటీసు, విచారణ లేకుండా ఎవరినీ వెళ్లగొట్టకూడదు. 1970కి ముందు గిరిజనేతరుల మధ్య జరిగిన సక్రమ క్రయవిక్రయాలకు 1/70 వర్తించదని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి దస్తావేజు తేదీ కీలకం. కర్రలు పట్టుకుని పొలంలోకి దిగితే మాత్రం బాధితుడే క్రిమినల్ కేసులో ఇరుక్కుంటాడు.

ఒక చిక్కుంది. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో గిరిజనులున్నా షెడ్యూలులో చేరని ఊళ్లు చాలా ఉన్నాయి. అక్కడ 1/70 పనిచేయదు. ప్రభుత్వమిచ్చిన డి-పట్టా భూమి చేతులు మారితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం కింద తహసీల్దారుకు ఫిర్యాదు చేయాలి. 2023 సవరణ 20 ఏళ్లు దాటిన పట్టాలకు మినహాయింపులు తెచ్చింది కాబట్టి పట్టా ఎప్పటిదో ముందు చూసుకోవాలి.

ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాది దొరుకుతారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.