నల్లరేగడి నేల: మూడు సాక్ష్యములు

తెలంగాణలోని గ్రానైటు ప్రాంతములలో మిట్టపై ఎర్రచెల్క, దిగువ పల్లమున నల్లరేగడి తరచుగా కానవచ్చును. వాన ఒక్కటే, నేలలు రెండు. కారణమేమి?

మొదటి సాక్ష్యము ప్రయోగశాలది. రేగడిలో బంకమన్ను 30 శాతమునకు తగ్గదు. అందలి స్మెక్టైట్ ఖనిజము తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొనును. రెండవది వాతావరణము. హైదరాబాదు పరిసరములలో ఏటా కురియు సుమారు 800 మిల్లీమీటర్ల వర్షములో అధికభాగము జూన్–సెప్టెంబరు నెలలదే. వేసవి ఎండలకు నేల నెఱ్ఱెలు వారును. మూడవది భూస్వరూపము. మిట్టనుండి జారిన నీటితో సున్నము, మెగ్నీషియము పల్లమున చేరగా ఆ ఖనిజము ఏర్పడును.

వానలలో జిగటయై నాగలికి లొంగని ఈ నేలను పెద్దలు బీడుంచి, నిలిచిన తేమపై రబీలో జొన్న విత్తిరి. సీసాలోని అంకె మాత్రమే చూచి సలహా చెప్పినచో నష్టపోవునది రైతు. కనుక విద్యార్థులారా, మేము కోరునది ఒక్కటే: మట్టితోబాటు దాని మిట్టపల్లములను, వానలెక్కను కూడ వ్రాసికొని రండు.