‘సెకండ్ థాట్స్’: మనసు మార్చుకొనుటను గూర్చిన ఒక పాఠము

ఆంగ్లమున మన పిల్లలను తికమక పెట్టునవి కఠినపదములని పెద్దలు తలంతురు. మా అనుభవము వేరు. కఠినపదము ఎదురైనచో పిల్లవాడు నిఘంటువు తెరచును. ‘సెకండ్’ అనగా రెండవది, ‘థాట్’ అనగా ఆలోచన అని చిన్న తరగతులలోనే నేర్చినవాడు నిఘంటువు జోలికి పోడు. ఆ రెండు మాటలు జతకూడినపుడు వేరొక అర్థము పుట్టునని అతనికి తోచదు. పిల్లలకే కాదు, పెద్దలకును ఒక్కొక్కప్పుడు తోచదు. వారి విషయమున ఫలితము మరింత బరువుగా నుండును.

ఒక తండ్రి తన కుమారుని తెలుగు విభాగమునుండి ఆంగ్ల విభాగమునకు మార్పింపదలచి దరఖాస్తు ఇచ్చెననుకొందము. ఇంటికి పోగా తల్లి ఒకమాట అనెను, తాత ఒకమాట అనెను. రేపు మనుమడు తాతకు నాలుగు పంక్తుల ఉత్తరము వ్రాయలేకపోవునే యని ఆ తండ్రి రాత్రియంతయు యోచించి, తెలుగునందే ఉంచవలెనని నిశ్చయించెను. ఉదయమున ప్రధానోపాధ్యాయునకు ఆంగ్లమున ‘ఐ యామ్ హ్యావింగ్ సెకండ్ థాట్స్ అబౌట్ తెలుగు’ అని చీటి వ్రాసి పంపెను. మరల ఆలోచించితినని చెప్పుటయే ఆయన ఉద్దేశము. చదివినవారికి బోధపడునది మాత్రము ‘తెలుగు విషయమున నాకు సందేహముగా నున్నది’ అని. దరఖాస్తు తన దారిన తాను సాగిపోవును.

‘హ్యావ్ సెకండ్ థాట్స్’ అనగా తీసికొన్న నిర్ణయమును గూర్చి లోలోపల అనుమానము మొలకెత్తుట. నిర్ణయము ఇంకను మారలేదు, మారవచ్చును, మారకపోవచ్చును. మనము ‘వెనుకాముందాడుచున్నాడు’ అని చెప్పుకొను స్థితి ఇది. ‘అబౌట్’ తరువాత ఏ మాట వచ్చునో అనుమానము దానిమీదనే. ఆ తండ్రి ‘ఐ హ్యావ్ చేంజ్డ్ మై మైండ్. మై సన్ విల్ కంటిన్యూ ఇన్ ది తెలుగు సెక్షన్’ అని వ్రాసియున్నచో చిక్కే లేకపోయెడిది.

ముందు ‘ఆన్’ చేరి ‘ఆన్ సెకండ్ థాట్స్’ అయినప్పుడు ఊగిసలాట ముగిసినదన్నమాట. మాటలాడువాడు ఆ క్షణముననే తన మాటను సవరించుకొనుచున్నాడు. ‘ఐ విల్ హ్యావ్ కాఫీ. ఆన్ సెకండ్ థాట్స్, టీ.’ దీనిని ‘రెండవ ఆలోచనల మీద’ అని తెనిగించినచో నవ్వు వచ్చును. తెలుగువాడు ‘కాఫీ ఇవ్వండి... కాదు లెండి, టీయే ఇవ్వండి’ అనును. ఆంగ్లేయుని మూడు మాటలును ఆ ‘కాదు లెండి’లో ఒదిగిపోయినవి. ‘పోనీ’ యనునది ఇట్టిదే మరియొకటి: ‘వద్దనుకొన్నాను గాని, పోనీ, రమ్మనండి.’ బయట ఒడియా, బడిలో ఆంగ్లము వినుచు పెరుగు మన పిల్లలకు ఈ చిన్నమాటలు పుస్తకములవలన అబ్బవు. ఇంటి వసారాలో పెద్దలు మాటలాడుకొనగా వినవలసినదే. అమెరికావారు ‘ఆన్ సెకండ్ థాట్’ అని ఏకవచనమున వాడుదురు. అదియు తప్పు కాదు.

ఇక ‘చేంజ్ వన్స్ మైండ్’. పిల్లలు ‘మై మైండ్ చేంజ్డ్’ అని వ్రాయుదురు. ఇది ‘నా మనసు మారినది’ అను తెలుగు వాక్యపు నీడ. మనకు రెండు దారులున్నవి: మనసు తనంతట మారవచ్చును, మనము దానిని మార్చుకొనవచ్చును. ఆంగ్ల జాతీయము ఈ రెండవ దారిని పట్టినది. మన ‘కొను’ చేయు పనిని అచట ‘మై’, ‘హిజ్’, ‘హర్’ అను మాటలు చేయును. కనుకనే వానిని విడువరాదు. పలువురైనచో ‘దే చేంజ్డ్ దెయిర్ మైండ్స్’ అనుట వాడుక. మనస్సు, మైండ్ అను రెండు మాటలకును మూలధాతువు ఒక్కటేయని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. దాయాదులైనను ఇంటి తీరులు వేరు.

ఇంతకంటె పెద్ద ప్రమాదము వేరొకటి కలదు. ‘హి చేంజ్డ్ హిజ్ మైండ్’ను ‘మాట మార్చినాడు’ అని తెనిగించుట. ఆంగ్లవాక్యమున నింద లేదు, తెలుగువాక్యమున ఉన్నది. ఒక చరిత్రఘట్టమును చూడుడు. 1922 ఫిబ్రవరి 4వ తేదీన చౌరీచౌరాలో జనులు పోలీసుఠాణాకు నిప్పుపెట్టిరి. లోనివారు ప్రాణములు కోల్పోయిరి. బార్డోలీలో శాసనోల్లంఘనమునకు సిద్ధపడియున్న గాంధీజీ దానిని ఆపివేసెను. ఫిబ్రవరి 12న కాంగ్రెసు కార్యవర్గము ఆ మేరకు తీర్మానించెను. చెరసాలలోనున్న నాయకులు పలువురు నొచ్చుకొనిరి. దీనినే ఆంగ్లమున చెప్పవలెనన్నచో ‘చేంజ్డ్ హిజ్ మైండ్’ అన్నది జరిగిన సంగతి చెప్పి ఊరకుండును. ‘థాట్ బెటర్ ఆఫ్ ఇట్’ అన్నచో తలపెట్టిన పనిని వివేకముతో మానుకొనెనని అర్థము. ‘గాట్ కోల్డ్ ఫీట్’ అన్నచో భయపడి వెనుదీసెనని ఆక్షేపణ. ‘హ్యాడ్ ఎ చేంజ్ ఆఫ్ హార్ట్’ అనుట అసలు పొసగదు. అహింసయందు ఆయన హృదయము మారకుండుటచేతనే నిర్ణయము మారినది. హృదయము మారుటకు కళింగయుద్ధానంతరపు అశోకుడు తగిన ఉదాహరణము. ఆ పశ్చాత్తాపమును తెలుపు 13వ శిలాశాసనమును మాత్రము ఆయన కళింగమునందలి ధౌలిలో గాని, మన గంజాం జిల్లాలోని జౌగడలో గాని చెక్కింపలేదు. అచట దానికి బదులు వేరు శాసనములున్నవి. ఓడిన ప్రజల కన్నులయెదుట ఆ మాట ఉంచుటకు మనసొప్పలేదేమో!

‘కోల్డ్ ఫీట్’ను మాటకు మాటగా ‘కాళ్ళు చల్లబడినవి’ అని ఇంట పలికినచో అవ్వ వైద్యుని పిలువుడని కేక వేయును. మనకును పోలిక పాదముతోనే యున్నది గాని దారి వేరు: వెనుకంజ. అంజ యనగా అడుగు.

‘థింక్ బెటర్ ఆఫ్ ఇట్’లో ‘ఇట్’కు బదులు మనిషి వచ్చినచో అర్థమే తారుమారగును. ‘ఐ థింక్ బెటర్ ఆఫ్ హిమ్ నౌ’ అనగా అతనిమీద నాకు పూర్వముకంటె గౌరవము పెరిగినదని. ‘థింక్ ట్వైస్’ అనునది పనికి ముందటి మాట, ఆచితూచి అడుగిడుట.

తల్లిదండ్రులకు మా విన్నపము: పిల్లవాడు ఇట్టి జాతీయమును ఇంటికి తెచ్చినపుడు మాటల అర్థము అడుగకుడు. ‘అట్టి సమయమున మన ఇంట ఏమందుము?’ అని అడుగుడు. ఆంగ్లము రాని తల్లియు ఈ పాఠమును చక్కగా చెప్పగలదు. ఈ వారము ప్రయత్నించుటకు మూడు సందర్భములు: పెండ్లికి బయలుదేరబోయి, వాన చూచి మానుకొన్న మామయ్య, తిరునాళ్ళకు రానని అలిగి, బండి కట్టగానే ముందుగా ఎక్కి కూర్చున్న చెల్లెలు, స్థలమునకు బయానా ఇచ్చి వచ్చి, రాత్రి నిద్రపట్టక దొర్లుచున్న నాన్న. సమాధానములను ఇచట అచ్చువేయలేదు. పిల్లలు ఏ జాతీయమును ఎన్నుకొనిరో, ఎందుకు ఎన్నుకొనిరో వారినే తెలుగున చెప్పనిండు.