డ్యూటీ దిగాక జిమ్‌కి వెళ్ళేవారికి

జిమ్‌లో ఏం చెయ్యాలని ఎవరైనా అడిగితే ముందు వాళ్ళని అడగాల్సింది ఒకటుంది: డ్యూటీలో ఏం చేస్తారు? దోహాలోని ముషైరిబ్‌నే తీసుకోండి. హోటల్ గుమ్మం దగ్గరో, మెట్రో స్టేషన్‌లోనో ఓటీతో కలిపి పన్నెండు గంటలు నిలబడే జగిత్యాల తమ్ముడూ, అదే వీధిలో ఏసీ ఆఫీసులో పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోయే గుంటూరు ఇంజనీరూ రాత్రి తొమ్మిదింటికి ఒకే ట్రెడ్‌మిల్ కోసం వరసలో నిలబడతారు. ఇద్దరికీ ట్రైనర్ ఇచ్చే చార్టు ఒకటే. నెల తిరగకుండానే ఒకరికి మడమ నొప్పి, ఇంకొకరికి నడుం పట్టేయడం.

ఒళ్ళు డ్యూటీకి ఒక ఖాతా, జిమ్‌కి ఒక ఖాతా రాసుకోదు. నిలబడ్డ గంటలు, ఎక్కిన మెట్లు, మోసిన సామాను, తక్కువైన నిద్ర అన్నీ ఒకే పద్దులో పడతాయి. అందుకే జిమ్‌లో చేసేది డ్యూటీలో దొరకనిదై ఉండాలి. డ్యూటీలో అరిగిపోయిన చోటే మళ్ళీ అరగదీసేది కాకూడదు.

నిలబడే ఉద్యోగం చేసేవాళ్ళ సంగతి ముందు చెప్పుకుందాం, ఎందుకంటే వాళ్ళకే సలహాలు తక్కువ. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, సేల్స్, నర్సింగ్ వాళ్ళకి ఫోన్ పదిహేను వేల అడుగులు చూపిస్తుంది. దాంతో కార్డియో అయిపోయిందనుకుంటారు. అవి నెమ్మదిగా, ఆగి ఆగి వేసిన అడుగులు. కాళ్ళు అలిసిపోతాయి గానీ గుండె వేగం పెద్దగా పెరగదు. అలాగని డ్యూటీ దిగి ట్రెడ్‌మిల్ మీద పరుగు మొదలుపెడితే పొద్దంతా గ్రానైట్ నేల మీద నలిగిన అరికాళ్ళకే మళ్ళీ దెబ్బ. వీళ్ళకి సైకిలే మేలు. రోయింగ్ మెషీన్ ఉంటే ఇంకా మంచిది, బిల్డింగ్‌లో స్విమ్మింగ్ పూల్ ఉంటే అదృష్టమే. పాదాల మీద బరువు పడకుండా ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఆయాసం వచ్చేలా చేస్తే చాలు.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వెయ్యగానే మడమ కింద సూదులు గుచ్చినట్టుంటే అది చాలామటుకు ప్లాంటార్ ఫాషియైటిస్ అని పిలిచే అరికాలి నొప్పి. దీనికి మన రూముల్లో జరిగే వైద్యం జండూబామ్, లేకపోతే సెలవు. బామ్‌తో హాయిగా ఉంటుంది గానీ కాలికి బలం రాదు. 2014లో డెన్మార్క్ పరిశోధకులు ప్రచురించిన పద్ధతి ఒకటుంది, ఖర్చు లేనిది. మెట్టు అంచు మీద పాదం ముందు భాగం ఆనించి, వేళ్ళ కింద చుట్టిన టవల్ పెట్టి, మూడు సెకన్లలో మడమ పైకెత్తి, రెండు సెకన్లు ఆపి, మూడు సెకన్లలో దించాలి. రోజు విడిచి రోజు. మొదట పన్నెండేసి సార్లు. తేలికయ్యాక భుజానికి బ్యాగ్ తగిలించుకుని అందులో పుస్తకాలో నీళ్ళ సీసాలో వేసి, సార్లు తగ్గించి బరువు పెంచాలి. ఉత్త స్ట్రెచింగ్ చేసినవాళ్ళకంటే ఇలా చేసినవాళ్ళకి మూడు నెలలకి నొప్పి బాగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు జట్లకీ పెద్ద తేడా లేదు. అయినా రేపు పొద్దున డ్యూటీకి నిలబడాల్సినవాడికి ఏడాది ఎక్కడుంది, మూడు నెలల లెక్కే లెక్క.

కుర్చీ ఉద్యోగుల సమస్య దీనికి తలకిందులు. రోజుకి రెండు వేల అడుగులు కూడా వెయ్యనివాళ్ళు ఒక శుక్రవారం ఉత్సాహంగా గ్రూప్ క్లాసుకి వెళ్ళి నలభై నిమిషాలు ఎగిరి దూకుతారు. గుండె తట్టుకుంటుందేమో గానీ పిక్కలూ మోకాళ్ళూ తట్టుకోవు. గుండె, ఊపిరితిత్తులు వారాల్లో మెరుగుపడతాయి. స్నాయువులకి నెలలు పడుతుంది. గాయాల్లో ఎక్కువ భాగం ఈ తేడాలోంచే పుట్టుకొస్తాయి. వీళ్ళకి మొదటి రెండు నెలలూ చురుకైన నడకా, బరువులూ చాలు. నడకకి ముషైరిబ్ అంత అనువైన చోటు దోహాలో తక్కువే. భవనాలు ఒకదానిమీద ఒకటి నీడపడేలా, సముద్రపు గాలి వీధుల్లోకి వచ్చేలా కట్టారు. బరాహత్ చౌక్ మీద తెరిచి మూసే కప్పుంది. ట్రామ్ ఉచితమే, అందుకే వద్దనేది. లంచ్‌కి అది ఎక్కకుండా నడిచి వెళ్ళి, నడిచి వస్తే రోజుకి ఇరవై నిమిషాలు ఊరికే కలిసొస్తాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క: వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం, వీటితోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని. ఓ మోస్తరు అంటే మాట్లాడగలిగి పాట పాడలేనంత ఆయాసం. నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే తీవ్రం. ఇంతకు మించిన వాచీ అక్కర్లేదు. బరువుల విషయంలో నా మాట ఒకటే: ఇంకో రెండు మూడు సార్లు ఎత్తగలను అనిపిస్తుండగానే దించెయ్యండి. పక్కవాడు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నప్పుడు మరీనూ.

ఇక ఎండ. రాత్రి పరుగెత్తితే ఫరవాలేదని ఇక్కడ చాలామంది నమ్మకం. 2019 సెప్టెంబరు 27న ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్ మహిళల మారథాన్ ముషైరిబ్‌కి నడిచే దూరంలో ఉన్న కార్నిష్ మీదే జరిగింది. ఎండ తప్పించడానికే అర్ధరాత్రి మొదలుపెట్టారు. ఉష్ణోగ్రత 32 డిగ్రీల పైన, గాలిలో తేమ 70 శాతం దాటింది. బయలుదేరిన 68 మందిలో 28 మంది గమ్యం చేరలేదు. వాళ్ళంతా ప్రపంచ పోటీకి దిగిన అథ్లెట్లు. తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. సూర్యుడు లేకపోయినా అంతే.

ఖతర్ చట్టం కూడా ఈ లెక్కనే పట్టించుకుంది. 2021 నాటి మంత్రిత్వ శాఖ నిర్ణయం ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పగలు 10 నుంచి 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదు. ఎండ, తేమ, గాలి అన్నీ కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే వేళతో నిమిత్తం లేకుండా పని ఆపాలి. పని ఆపించే చట్టం ఉంది గానీ పరుగు ఆపించే చట్టం లేదు. అందుకని ఆ మూడున్నర నెలలూ కార్డియో ఏసీ కిందే పెట్టుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా ఏడు కిలోమీటర్ల కార్నిష్, అల్ బిద్దా పార్కు ఎక్కడికీ పోవు.

ఇంకొక మాట, ఊరికి సెలవు మీద వెళ్ళొచ్చేవాళ్ళకి. నెలన్నర కరీంనగర్‌లో ఉండి ఆగస్టులో దిగితే ఇక్కడి వేడికి ఉన్న అలవాటు చాలావరకు పోయుంటుంది. మళ్ళీ రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. బరువులకీ ఇదే వర్తిస్తుంది: వెళ్ళే ముందు ఎత్తినదాంట్లో సగంతో మొదలుపెట్టండి.

ఎందుకంత జాగ్రత్త అంటే, విరామం తర్వాత మొదటి రోజే ఒళ్ళు హూనం చేసుకున్నవాళ్ళలో కొందరికి కండరం కణాలు విచ్ఛిన్నమై వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాల మీద పడుతుంది. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. గుర్తుపట్టడం కష్టం కాదు: కండ రాయిలా వాచి, చెయ్యి మడవలేనంత నొప్పి పుట్టి, మూత్రం కోలా రంగులో వస్తుంది. అలా వస్తే నిద్రపోయి లేచాక చూద్దాం అనుకోకూడదు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఛాతీలో పట్టేసినట్టుండి చెమటలు పోసినా, వ్యాయామం చేస్తూ స్పృహ తప్పినా, ఎండలో మాట తడబడినా 999కి ఫోన్ చెయ్యాలి.

మామూలు ఒళ్ళునొప్పి అలా ఉండదు. మర్నాడు మొదలై రెండో రోజు ముదిరి మూడు నాలుగు రోజుల్లో పోతుంది; రెండు పక్కలా సమానంగా, కండ మధ్యలో ఉంటుంది, కాస్త నడిస్తే సర్దుకుంటుంది. కీలులో ఒక చోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి, రాత్రి నిద్రలేపే నొప్పి, కాల్లోకి జాలువారే తిమ్మిరి వేరే జాతివి. వీటికి మధ్యస్థంగా ఉండే సలుపులకి ఒక కొలత పనికొస్తుంది. పదికి మూడు నాలుగు మార్కుల లోపు నొప్పితో వ్యాయామం చెయ్యొచ్చు, మర్నాటికి అది మామూలు స్థాయికి దిగితే. దిగకపోతే బరువు తగ్గించాలి. పూర్తిగా మానేసి మంచమెక్కడం వల్ల నడుం నొప్పి త్వరగా తగ్గదు, ఇంకా బిగుస్తుంది.

బెణికితే ఐసు పెట్టి కదలకుండా ఉండాలన్న మాట 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరు పుస్తకంతో ప్రచారమైంది. ఐసు నొప్పిని తగ్గిస్తుంది గానీ మానడాన్ని ఆలస్యం చెయ్యొచ్చని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. మొదటి రోజు నొప్పి కోసం పది నిమిషాలు పెట్టుకోండి, తప్పులేదు. రెండు మూడు రోజుల తర్వాత మాత్రం మెల్లగా కదిలించడమే మందు. అయితే బెణికిన కాలి మీద నాలుగడుగులు కూడా వెయ్యలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే.

నొప్పి మాత్రల దగ్గర రెండు ప్రమాదాలున్నాయి, రెండూ మనవాళ్ళకే ఎక్కువ. చెమట పట్టి నీళ్ళు తగ్గిన ఒంట్లో డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి పడితే మూత్రపిండాలకి రక్తప్రసరణ తగ్గుతుంది. శ్రీకాకుళం ఉద్దానం నుంచి వచ్చినవాళ్ళకి, ఇంట్లో కిడ్నీ జబ్బు చూసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. జిమ్‌కి వెళ్ళే ముందు నొప్పి తెలియకుండా మాత్ర వేసుకోవడమైతే మరీ తెలివితక్కువ పని. క్రియాటిన్ పొడి వాడేవాళ్ళు రక్తపరీక్షకి ముందు డాక్టరుకి ఆ సంగతి చెప్పండి; దానివల్ల కిడ్నీల పరీక్షలో చూసే క్రియాటినిన్ అంకె పెరిగి కనిపించొచ్చు.

రెండోది చట్టం. మన దగ్గర నడుం నొప్పికి తరచూ రాసే అల్ట్రాసెట్‌లో ట్రమడాల్ ఉంటుంది. నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబాలిన్, దగ్గు మందుల్లోని కోడీన్ కూడా ఖతర్‌లో నియంత్రణలో ఉన్న మందులే. అమ్మ సంచిలో సర్దిన మాత్రల పొట్లం హమద్ ఎయిర్‌పోర్టులో కేసుగా మారొచ్చు. పక్కింటి వాళ్ళ అబ్బాయికి ఇవ్వమని పంపే మందులు ఎవరు ఏడ్చినా తీసుకోవద్దు. మీ సొంత మందైతే డాక్టరు చీటీ, వివరాల కాగితం దగ్గరుంచుకుని, వెళ్ళేముందే రాయబార కార్యాలయం సూచనలు చూసుకోండి.

గాయం తీవ్రమైనదైతే ఎంతకాలం పడుతుందో ఈ ఊరివాడే చూపించాడు. హై జంపర్ ముతాజ్ బర్షిమ్‌కి 2018 జులైలో హంగరీలో చీలమండ లిగమెంటు దెబ్బతింది, ఆపరేషన్ అయింది. మళ్ళీ పోటీకి దిగడానికి ఏడాదికి దగ్గరగా పట్టింది. 2019 అక్టోబరు 4న ఖలీఫా స్టేడియంలో 2.37 మీటర్లు దూకి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆస్పెటార్ లాంటి క్రీడావైద్య ఆసుపత్రి ఉన్న దేశంలో జాతీయ వీరుడికే అన్ని నెలలైతే, మన మోకాలు మూడు వారాల్లో ఎందుకు నయం కాలేదని ఫిజియోని తిట్టుకోవడం న్యాయం కాదు.

రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్ళు కార్డియో ఇఫ్తార్‌కి అరగంట ముందు తేలిగ్గా, బరువులు తిన్న రెండు గంటల తర్వాత పెట్టుకుంటే సరిపోతుంది. ఆ నెల కొత్త బరువుల జోలికి పోవద్దు.

చివరిగా ఉద్యోగం మాట. ప్రైవేటు కంపెనీల్లో కార్మిక చట్టం కిందికి వచ్చేవాళ్ళకి, చేరి మూడు నెలలు దాటితే, డాక్టరు సర్టిఫికెట్ మీద మొదటి రెండు వారాల అనారోగ్య సెలవుకి పూర్తి జీతం, తర్వాతి నాలుగు వారాలకి సగం జీతం వస్తుంది. డ్యూటీలో తగిలిన దెబ్బకి నిబంధన వేరు: చికిత్స సాగినంత కాలం, గరిష్ఠంగా ఆరు నెలల వరకు, పూర్తి జీతం. ఈ తేడా చూసి జిమ్‌లో పట్టేసిన నడుంని డ్యూటీ ఖాతాలో రాయిద్దామని రూమ్మేట్లు సలహా ఇస్తారు. వినకండి, కెమెరా లేని చోటు ముషైరిబ్‌లో దొరకదు. అలాగే డ్యూటీలో తగిలిన దెబ్బని జిమ్ దెబ్బ అని సూపర్‌వైజర్ రాయమంటే సంతకం పెట్టకండి. దెబ్బ తగిలిన రోజునే తేదీ, వేళ, చోటు రాసి కంపెనీకి మెసేజో మెయిలో పంపండి. డాక్టరు దగ్గర మీ పని ఎలాంటిదో, ఎన్ని గంటలు నిలబడతారో, ఎంత బరువు ఎత్తుతారో చెప్పి, కొన్నాళ్ళు కూర్చుని చేసే పనే ఇవ్వాలని సర్టిఫికెట్‌లోనే రాయమనండి. ఆ కాగితం ఫొటో ఫోన్‌లో ఒకటి, ఇంట్లోవాళ్ళ వాట్సాప్‌లో ఒకటి ఉంచుకోండి.