ఉత్తరాల పెట్టె

వైజ్ఞానిక కల్పన అంటే రాకెట్లు, గ్రహాలు, యంత్రాలు. సాంసారిక కథ అంటే ఇల్లు, ఇరుగుపొరుగు. ఈ రెండూ ఒకే సంపుటిలో ఇముడుతాయా అని మీకు సందేహం కలగవచ్చు. అమెరికన్ రచయిత రే బ్రాడ్‌బరీ (1920–2012) 1953లో వెలువరించిన ‘ది గోల్డెన్ ఆపిల్స్ ఆఫ్ ది సన్’ అనే సంపుటిలో 22 కథలు ఉన్నాయి. పేరుకు ‘సూర్యుని బంగారు పండ్లు’ అని అర్థం. అందులో ఒక నౌక సూర్యుని దగ్గరకు వెళ్ళి, పాత్రతో నీళ్ళు ముంచినట్లు నిప్పును ముంచుకొని వస్తుంది. ఆ పక్కనే మామూలు మనుషుల కథలు!

వీటిలో బాగా పేరు పొందినది ‘ఎ సౌండ్ ఆఫ్ థండర్’. 2055లో ఎకెల్స్ అనే వేటగాడు కాలయంత్రమెక్కి, ఆరు కోట్ల ఏండ్ల వెనుకటి అడవికి రాక్షసబల్లిని వేటాడబోతాడు. అక్కడ గడ్డిపరకనైనా తాకరాదని, వేసిన బాట దిగరాదని నియమం. భయంతో అతడు బాట తప్పుతాడు. తిరిగి వచ్చేసరికి కార్యాలయం గోడమీది బోర్డులో అక్షరాలు మారిపోయి ఉంటాయి. ఎన్నికల ఫలితం కూడా తారుమారైంది. చెప్పు అడుగున చూసుకుంటే, బురదలో ఒక చచ్చిన సీతాకోకచిలుక! లోకం మారిందని మొదట తెలియజేసింది అక్షరాలే. తెలిసిన బోర్డే ఉన్నట్టుండి పరాయిదైతే మనసుకెలా ఉంటుందో, ఇల్లు దాటగానే మరో లిపి కనిపించే ఊళ్ళలో పెరిగిన మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక ‘ది గ్రేట్ వైడ్ వరల్డ్ ఓవర్ దేర్’ కథలో యంత్రమూ లేదు, వింతా లేదు. కొండలోయలో ఉండే కోరాకు చదవను, రాయను రాదు. ఆమెకు ఎన్నడూ ఒక్క ఉత్తరమైనా వచ్చి ఎరగదు. ఒక వేసవిలో బెంజీ అనే చుట్టాలబ్బాయి వస్తాడు. వాడికి చదువు వచ్చు. ఇంటి ముందు ఉత్తరాల పెట్టె వెలుస్తుంది. పత్రికల్లోని ప్రకటనలు చూసి, ఉచితంగా పంపేవాటికల్లా వాడు ఉత్తరాలు రాస్తాడు, వచ్చినవి చదివి వినిపిస్తాడు. ఆమె సంబరం అంతా ఇంతా కాదు. ఆ సంబరంలోనే వేసవి గడిచిపోతుంది. వాడు వెళ్ళే రోజున గాని ఆమెకు గుర్తు రాదు, తాను అక్షరాలు నేర్చుకోనే లేదని. ఆ తరువాత వచ్చిన ఉత్తరాన్ని ఏం చేసుకోవాలి? చేతిలో ఉంది, విప్పింది, చూసింది. అంతే.

సంపుటికి పేరిచ్చిన కథకంటె ఇదే మిన్న అని మా అభిప్రాయం. సూర్యుని దాకా పోయివచ్చిన నౌక పని నెరవేరింది. కాగితం మీది నాలుగు పంక్తులు మాత్రం కోరాకు అందలేదు. కాలయంత్రం కథను చదివిన వెంటనే దీన్ని చదవండి. ఎకెల్స్‌కు అక్షరాలు తెలుసు కనుకనే జరిగిన నష్టం కనబడింది. కోరాకు అదీ లేదు.

అభ్యాసం: మీ ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతూ, తెలుగు చదవలేని పెద్దలు ఉన్నారా? తాతయ్యో, నాయనమ్మో, మేనత్తో ఎవరైనా సరే. వారికి కోరా కథ మీ మాటల్లో చెప్పండి. విని వారేమన్నారో, ఆ మాటలను వారి యాసలోనే పది వాక్యాలుగా రాసి, తిరిగి వారికి చదివి వినిపించండి.