డాక్యుమెంటరీ పోటీకి ఏమేం కావాలి?

విద్యార్థులారా! వీడియో అందంగా తీస్తే చాలు, బహుమతి వస్తుందనుకుంటున్నారా? అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1974లో మొదలైన 'నేషనల్ హిస్టరీ డే' అనే విద్యార్థుల చరిత్ర పోటీకి డాక్యుమెంటరీ పంపాలంటే పాటించవలసిన నిబంధనలు చూడండి.

1. చిత్రం 10 నిమిషాలు మించరాదు.
2. జట్టులో 5 గురికి మించి ఉండరాదు.
3. ఎడిటింగ్, వ్యాఖ్యానం విద్యార్థులే చేయాలి.
4. పరిశోధన ఎలా చేశారో 500 మాటలు మించకుండా రాయాలి.
5. ఏ ఆధారం ఎలా ఉపయోగపడిందో వివరిస్తూ జాబితా జతపరచాలి.

చివరి రెండూ ఎందుకు? ప్రయోగం చేసి రికార్డు రాయకపోతే, ఆ ఫలితాన్ని మరొకరు ఎలా సరిచూడగలరు? చిత్రమూ అంతే. తెరమీద ఏది చూపినా నిజంలాగే కనిపిస్తుంది. నిజానిజాలు తేల్చేది ఆధారమే. అందుకే ఈ పోటీలో చారిత్రక విషయానికి 80 శాతం, ప్రదర్శనకు 20 శాతం విలువ ఇస్తారు.

మీరు ఏ డాక్యుమెంటరీ తీయదలచినా, మొదటి రోజు నుంచే ఆధారాలను నోటుపుస్తకంలో రాసుకోండి.